ఓరాలం పాస్టరేటు

ఓరాలం అనే దేశం లేదు. ఈ సంగతి మొదట్లోనే చెప్పేయడం మంచిది. తర్వాత చెబితే నమ్మేవాళ్లు తగ్గిపోతారు.

దాన్ని పుట్టించింది కృపామణి టీచరు. కాలవల మధ్య ఉన్న ఒక డెల్టా పట్నంలో, మిషన్ హైస్కూల్లో ఆవిడ లెక్కలు చెబుతుంది. సాయంత్రాలు వరండాలో కూర్చుని కథలు రాస్తుంది. ఆ కథల్లో మంచు తెరల అవతల ఒక పెద్ద నది ఉంది, ఒడ్డు పొడుగునా కోటలున్నాయి, బూడిద రాణి అనే దుర్మార్గురాలుంది. ఆవిడ శాపంతో నది పారడం మానేసింది. నీళ్లు ఉంటాయి గాని కదలవు. ఆ నీళ్ల మీద కూలి పుచ్చుకోకుండా పడవ వేసే ఒకాయన ఉన్నాడు. నిజానికి ఆయన ఆ దేశపు రాజకుమారుడు. ఈ సంగతి చిన్నపిల్లలకీ మేకలకీ తప్ప అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ చుట్టుపక్కల చర్చిలన్నీ బిషప్ గారి కింద ఒక డయాసిస్. దాని ముద్రణాలయం వాళ్లు ఈ కథల్ని నాలుగు సంపుటాలుగా అచ్చు వేశారు. మొదట సండేస్కూలు పిల్లలు చదివారు, వాళ్ల దగ్గర లాక్కుని తల్లులు చదివారు. ఆ తర్వాత ఊరికి పిచ్చి పట్టింది. క్వయర్‌వాళ్లు బూడిదరంగు దుప్పట్లు కప్పుకుని పాడటం మొదలుపెట్టారు. క్రిస్మస్ నాటకంలో గొల్లల పక్కన పడవవాడు కూడా నిలబడ్డాడు. కుర్రకారు ప్రార్థన శిబిరం యూత్ రిట్రీట్‌లో బైబిల్ క్విజ్ తీసేసి ఓరాలం క్విజ్ పెట్టారు. బిషప్ గారు ఒక్క పేజీ కూడా చదవకుండానే దాని మీద మూడు ఆదివారాలు ప్రసంగించారు.

ఆ ఊపులోనే కార్యవర్గ సమావేశం జరిగింది. డయాసిస్ కార్యదర్శి జయశీలరావు లేచి గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా, మన నియమావళి ప్రకారం విశ్వాసులు ఎచ్చట నివసించుచున్ననూ ఏదో ఒక పాస్టరేటు, అనగా ఒక పాస్టరు కాపుదలలోని సంఘము, పరిధిలో ఉండి తీరవలెను. ఓరాలం ప్రజలు ప్రార్థన చేయుచున్నారు. రెండవ సంపుటంలో మోకాళ్లూని మరీ చేసినారు. అట్టివారిని కాపరి లేకుండా విడిచిపెట్టుట మన బాధ్యతారాహిత్యమని మనవి చేయుచున్నాను."

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలోంచి కోశాధికారి డాక్టర్ ఎలీషాబాబు, "మనం ఆలస్యం చేస్తే పక్క మిషనువాళ్లు వెళ్లి ప్రార్థన షెడ్డు వేసేస్తారండి" అన్నాడు. కోశాధికారికీ కార్యదర్శికీ ఏ విషయంలోనూ పడదు. అలాంటివాడే సమర్థించేసరికి ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు. ఓరాలాన్ని ఏకగ్రీవంగా డయాసిస్‌లో కలిపేశారు.

అప్పుడే మూడో బల్ల దగ్గర రెవరెండ్ శాంతవర్ధన్ నవ్వాడు.

వెటకారంగా నవ్వలేదు పాపం. ఆయన మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించి ఎరగడు. జయశీలరావు ఎన్నాళ్లకో ఒక హాస్యం ఆడాడు గదా, ఎవరూ నవ్వకపోతే చిన్నబుచ్చుకుంటాడేమోనని మర్యాదకి నవ్వాడు. హాలంతా నిశ్శబ్దంగా ఉండటంతో ఆ మర్యాద బాగా వినబడింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా తమరిని ఓరాలం పాస్టరేటుకు బదిలీ చేయడమైనది. వెంటనే విధులలో చేరి, స్థానిక సంఘ పెద్ద సంతకముతో చేరిక నివేదిక పంపవలెను. నివేదిక అందువరకు జీతము నిలుపుదల చేయబడును."

శాంతవర్ధన్ ఆ కాగితం పట్టుకుని కార్యదర్శి గదికి వెళ్లాడు.

"అయ్యా, నేనక్కడికి ఎలా వెళ్లాలండీ?"

"ప్రయాణ భత్యం ఇస్తామండీ. బస్సు టిక్కెట్టు జతపరచండి."

"అక్కడికి బస్సు లేదు కదండీ."

"అయితే భత్యం వర్తించదు."

"బస్సు సంగతి అలా ఉంచండి. అసలా ఊరే లేదు కదండీ!"

జయశీలరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన మొహంలో కోపం లేదు, బాధ ఉంది.

"అయ్యగారూ, మీరు విశ్వాసం బోధించే మనిషి. కంటికి కనబడట్లేదు కాబట్టి లేదనడం మీ నోట్లోంచి రావాల్సిన మాటేనా?"

శాంతవర్ధన్ నమస్కారం పెట్టి ఇంటికొచ్చేశాడు.

ఆయన భార్య హెలెన్ ఉత్తర్వు చదివి, చేటలో బియ్యం ఏరుతూనే అడిగింది. "అక్కడ క్వార్టర్సు ఉన్నాయంటనా?"

"హెలెన్, అది కథల పుస్తకంలో ఊరు."

"తెలుసులెండి. పుస్తకంలో ఊరికి పుస్తకం రాసినావిడే గదా పెద్ద. వెళ్లి ఆవిణ్ణే సంతకం అడగండి."

ఇంత సులువైన మాట తనకెందుకు తోచలేదా అనుకుంటూ శాంతవర్ధన్ గొడుగు తీసుకుని బయల్దేరాడు.

కృపామణి టీచరు అయిదో సంపుటం రాస్తోంది. అదే ఆఖరిది. పడవవాడు రాణి శాపాన్ని తన మీద వేసుకుని చనిపోవాలి, మూడో పొద్దుకి లేవాలి, నది కదలాలి. ఆవిడ నాలుగు సంపుటాలుగా వస్తున్నది అక్కడికే. అలాంటి సమయంలో వరండా మెట్ల మీద ఒక పాస్టరుగారు నిలబడి, తనని ఆ దేశంలో చేర్చుకోమంటున్నాడు.

"నా కథలో పాస్టరుగారికి పనేముందండీ?" అంది ఆవిడ. "అక్కడ పడవలో ఆయనే తిరుగుతున్నాడు గదా."

"అది ఆఫీసువాళ్లకీ తెలుసమ్మా. సాక్షాత్తూ ఆయనే వచ్చినా స్వాగతం ఏర్పాట్లు చూడ్డానికి ఒక ఇన్‌చార్జి ఉండాలన్నారు."

ఆవిడ ఆయన్ని కాసేపు చూసింది. ఉతికి ఉతికి మెత్తబడిన తెల్లచొక్కా, వానకి ఒక పక్కంతా తడిసింది. గొడుగు ఉన్నా సగమే పనిచేసినట్టుంది.

"మా పుస్తకాలు చదివారా?"

"లేదండి" అని ఒప్పుకున్నాడు.

"చదవకుండా మా దేశంలోకి ఎవర్నీ రానివ్వనండి. ముందు చదివి రండి" అని నాలుగు సంపుటాలూ చేతిలో పెట్టింది.

జీతం కోసం చదవడం మొదలుపెట్టాడు శాంతవర్ధన్. మూడో సంపుటంలో ఒకచోట ఆగిపోయాడు. ఒక ముసలావిడ రేవుకొచ్చి పడవెక్కుతుంది. "అవతలి ఒడ్డున నీకెవరున్నారమ్మా?" అంటాడు పడవవాడు. "ఎవరూ లేరయ్యా. ఈ ఒడ్డునా లేరు. మధ్యలో కాసేపు ఉందామని వచ్చాను" అంటుంది ఆవిడ. పడవవాడు ఇంకేమీ అడగడు. పొద్దుగుంకేదాకా ఆవిణ్ణి నది మధ్యలో తిప్పుతాడు. శాంతవర్ధన్ ఇన్నేళ్లుగా ఎందరో ముసలమ్మల మంచాల పక్కన ప్రార్థన చేసి, గడియారం చూసుకుని లేచొచ్చాడు. ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదివాడు.

మళ్లీ వెళ్లినప్పుడు ఆయన జీతం మాట ఎత్తలేదు. "ముసలావిడ తర్వాత ఏమైందండీ?" అని అడిగాడు. కృపామణి కలం తీసి అయిదో సంపుటంలో రాసింది. "మంచులోంచి ఒకాయన వచ్చాడు. చేతిలో గొడుగుంది. ఎందుకొచ్చాడో ఆయనకే తెలియదు. పడవవాడు కొంచెం జరిగి చోటిచ్చాడు." రాసి, చేరిక నివేదిక మీద స్థానిక పెద్దగా సంతకం పెట్టింది.

ఆఫీసు ఆ పేజీ నకలు జతచేసుకుని జీతం విడుదల చేసింది. కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కాని ఒకసారి పాస్టరేటు అంటూ ఏర్పడ్డాక దానికి తాఖీదులు రావడం మొదలవుతుంది.

కోతపండగ కానుకలు ఎందుకు జమ కాలేదని మొదటి తాఖీదు వచ్చింది. ఓరాలంలో నాణేలు లేవనీ, ఉప్పుతో వ్యవహారమనీ శాంతవర్ధన్ జవాబు రాశాడు. అయితే ఉప్పే జమ చేయమన్నారు. కిరాణా కొట్లో రాళ్లుప్పు పొట్లం కొని పంపించాడు. రసీదు వచ్చింది. చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రికి అక్కడ శాఖ ఎందుకు ప్రారంభించలేదని మరో తాఖీదు. బూడిద రాణిని గౌరవాధ్యక్షురాలిగా పెట్టుకోవచ్చని అందులోనే సలహా కూడా ఉంది.

ఇంతలో డయాసిస్ ఎన్నికలు వచ్చాయి. కార్యదర్శి పదవికి జయశీలరావు మళ్లీ నిలబడ్డాడు, ఎదురుగా ఎలీషాబాబు దిగాడు. ఏ పాస్టరేటులో ఎంతమంది బాప్తిస్మం పొందిన సభ్యులుంటే దానికి అన్ని ఓట్లు; రాలేనివాళ్ల ఓట్లు కార్యదర్శే వేస్తాడు. జయశీలరావు మిఠాయి డబ్బాతో కృపామణి ఇంటికి వచ్చాడు.

"అమ్మా, మొదటి సంపుటంలో నది ఒడ్డున ఇసుక రేణువులంత జనం అన్నారు. రమారమి ఎంతమందంటారు?"

"లెక్కపెట్టలేదండీ."

"లెక్కల టీచరు ఆ మాట అనకూడదమ్మా. వాళ్లందరూ బాప్తిస్మం పొందినవారే గదా?"

"పడవ ఎక్కేముందు అందరూ నదిలో మునుగుతారండీ. అది కథలో పద్ధతి."

"చాలమ్మా, చాలు" అని జయశీలరావు కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పాడు. మర్నాడు ప్రకటించిన ఓటర్ల పట్టికలో మిగతా పాస్టరేట్లన్నీ కలిపినదానికంటే ఓరాలమే పెద్దది.

ఎలీషాబాబు ఊరుకునే మనిషి కాదు. ఓరాలం అనే చోటు ఉందా లేదా అనే గొడవలోకి ఆయన దిగలేదు. దాన్ని కలపమని తనూ అన్నాడు గదా. అంతకంటే గట్టి అభ్యంతరం లేవదీశాడు. "ఆ బాప్తిస్మాలు ఇచ్చింది ఎవరు? పడవవాడు. ఆయనకి పాస్టరుగా అభిషేకం జరిగిందా? లైసెన్సుందా? కాబట్టి ఆ బాప్తిస్మాలు చెల్లవు, ఆ ఓట్లూ చెల్లవు."

డయాసిస్ అట్టుడికిపోయింది. లాయరు నోటీసులు తిరిగాయి. రెండు వర్గాలూ బిషప్ గారి బంగళా ముందు చెరో పక్కా గుడారాలు వేసి ఉపవాస ప్రార్థనలు చేశాయి. చివరికి బిషప్ గారు ఇద్దర్నీ పిలిచి రాజీ కుదిర్చారు. ఓట్లని చెరిసగం పంచుకుని ఎవరి పదవిలో వాళ్లుండాలి. నియమోల్లంఘన మాత్రం జరిగింది కాబట్టి దానికి కారకుడైన పడవవాడి మీద క్రమశిక్షణ చర్య తీసుకోవాలి. ఏళ్ల తరబడి ఎదురుపడితే తల తిప్పుకునే ఆ ఇద్దరూ ఆ రోజు ఒకే ప్లేటులో సమోసాలు తిన్నారు.

విచారణ డయాసిస్ ఆఫీసు మేడ మీద జరిగింది. బిషప్ గారు మధ్యలో, కార్యదర్శీ కోశాధికారీ చెరో పక్కా కూర్చున్నారు. ముద్దాయికి ఒక కుర్చీ వేసి, ముందు మంచినీళ్ల సీసా పెట్టారు. బంట్రోతు వరండాలోకి వెళ్లి "పడవవాడూ!" అని కేక వేశాడు. రోడ్డు మీద ఒక ఆటో డ్రైవరు తలెత్తి చూశాడు. ఇంకెవరూ పలకలేదు.

"ముద్దాయి మౌనంగా ఉన్నట్టు నమోదు చేయండి" అన్నారు బిషప్ గారు.

జయశీలరావు అభియోగాలు చదివాడు. అనుమతి లేకుండా బాప్తిస్మములిచ్చుట. కమిటీకి నివేదించకుండా అక్కడికక్కడే పాపములు క్షమించుట. బదిలీ పత్రములు లేనివారిని అవతలి ఒడ్డునకు చేర్చుట. తర్వాత పాస్టరు ఇన్‌చార్జి హోదాలో శాంతవర్ధన్‌ని లేపారు.

"ఈ పడవవాడు మీకు తెలుసా?"

శాంతవర్ధన్ నోరు విప్పేలోపు జయశీలరావే దయగా అందుకున్నాడు. "తెలియదనండి అయ్యగారూ. మీ వరకూ ఫైలు మూసేస్తాం. కాలవగట్టు పాస్టరేటు ఖాళీగా ఉంది. డాబా క్వార్టర్సు, బోరింగు నీళ్లు. అమ్మగారికి సుఖంగా ఉంటుంది."

"తెలియదని రాసేసుకుంటామండి, మీరేం మాట్లాడక్కర్లేదు" అన్నాడు ఎలీషాబాబు. రాసేవాడు కలం కాగితం మీద ఆనించాడు.

శాంతవర్ధన్ జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పింది లేదు. కథలో మనిషి తెలియదనడం అబద్ధం కూడా కాదు గదా అని లోపల ఒక గొంతు చక్కగా వాదించింది. బల్ల అంచు పట్టుకున్నాడు. ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"మళ్లీ అడుగుతున్నాం" అన్నారు బిషప్ గారు. "ఆయన తెలుసా, తెలియదా?"

"తెలుసండి."

"చూశారా?"

"లేదండి."

"చూడకుండా ఎలా తెలుసు?"

"నాకు పడవలో చోటిచ్చాడండి" అన్నాడు శాంతవర్ధన్. ఆ మాట అన్నాక బల్ల అంచు వదిలేశాడు.

తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. పడవవాడికి ఓరాలం నుంచి శాశ్వత బహిష్కరణ. దాన్ని అయిదో సంపుటంలో అమలుపరచవలసిన బాధ్యత రచయిత్రిది. శాంతవర్ధన్‌ని ఓరాలంలోనే కొనసాగించాలి. ఓరాలంలో పనిచేసేవాడికి ఇక్కడ క్వార్టర్సు అవసరం లేదు కాబట్టి ఇల్లు ఖాళీ చేయాలి.

ఇంటికొచ్చేసరికి హెలెన్ అప్పటికే స్టీలు సామాను గోనెసంచుల్లో సర్దుతోంది. ఊళ్లో కబురు ఆయనకంటే ముందు నడిచింది.

"తెలుసన్నారంటగా?" అంది తలెత్తకుండా.

"అన్నాను."

"నయమే. తెలియదని వచ్చుంటే ఈ సామాన్లు నేనొక్కదాన్నే సర్దుకుని మా అన్నయ్యగారింటికి పోయేదాన్ని. ఆ గంగాళం ఇలా ఇవ్వండి."

చేపల మార్కెట్టు వెనక రెండు గదుల ఇల్లు దొరికింది. సాయంత్రాలు అక్కడికి మనుషులు రావడం మొదలుపెట్టారు. మార్కెట్టులో చేపలు కోసే ఆడవాళ్లు, ఎవరూ లేని ముసలివాళ్లు. శాంతవర్ధన్ వాళ్ల పక్కన కూర్చునేవాడు. ఈసారి చేతికి గడియారం పెట్టుకోలేదు.

తీర్పు నకలు చేర్చాల్సింది ఆయనే కాబట్టి కృపామణి ఇంటికి తీసుకెళ్లాడు. ఆవిడ ఏడుస్తుందనో, కాగితం చింపేస్తుందనో భయపడ్డాడు. ఆవిడ మొత్తం చదివి, మొదటినుంచి మళ్లీ చదివి, కుర్చీలో వెనక్కి వాలింది.

"అయ్యగారూ, నెలల తరబడి ఇక్కడే ఆగిపోయానండీ. ఏ తప్పూ చెయ్యని మనిషికి ఎవరు శిక్ష వేస్తారు? రాణి వేసిందంటే తేలిపోతోంది. రాక్షసులంటే పిల్లలు కూడా నమ్మట్లేదు. చెడ్డవాళ్ల కోసమే వెతుకుతున్నానండీ ఇన్నాళ్లూ." కాగితాన్ని అరచేత్తో నిమిరింది. "ఇందులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. నేను ఇంత బాగా రాయలేను."

అయిదో సంపుటంలో పెద్దల సభ అనే అధ్యాయం అలా వచ్చింది. ఖాళీ కుర్చీ, నీళ్ల సీసా, బదిలీ పత్రాలు, సమోసాలు, అన్నీ ఉన్నాయి. సభ తీర్పు ప్రకారం పడవవాణ్ణి దేశంలోంచి, ఆ తర్వాత లోకంలోంచి కూడా వెళ్లగొట్టారు. రేవు పక్కన గుహలో పెట్టి, ముఖద్వారానికి బండరాయి అడ్డుపెట్టారు.

పుస్తకాన్ని బిషప్ గారే ఆవిష్కరించారు. ఎవరో చెప్పింది విని, "ఇందలి పెద్దల సభవారి క్రమశిక్షణ నన్ను మిక్కిలి ఆకట్టుకొన్నది. మన యువత వారిని ఆదర్శముగా తీసుకొనవలెను" అన్నారు. పుస్తకం అప్పటికే చదివేసిన సండేస్కూలు పిల్లలు మొదటి వరసలో ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. పిల్లలు సంతోషంగా ఉన్నారని బిషప్ గారు కూడా నవ్వారు. జయశీలరావు తీర్పు అమలైనట్టు ఫైలు మీద రాయించి, ఆ అధ్యాయం జతచేయించాడు.

అయితే ఆఫీసు సూపరింటెండెంటు పద్ధతి గల మనిషి. ఫైలు మూసేముందు పుస్తకం చివరిదాకా చదివాడు. చదివి, పరుగున కార్యదర్శి గదిలోకి వెళ్లాడు.

మూడో రోజున శాంతవర్ధన్‌కి రిజిస్టర్డు పోస్టు వచ్చింది. "బహిష్కృతుడైన ముద్దాయి శిక్షాకాలములో, ముందస్తు అనుమతి పొందకుండా, మూడవ దినమున తిరిగి లేచి పడవ నడుపుచున్నట్లును, తత్ఫలితముగా నది ప్రవహించుచున్నట్లును మా దృష్టికి వచ్చినది. పాస్టరు ఇన్‌చార్జిగా తాము దీనిని ఎందుకు నివారించలేకపోయినారో సంజాయిషీ ఇవ్వవలెను."

శాంతవర్ధన్ పోస్టుకార్డు మీద ఒకే వాక్యం రాశాడు. "బండరాయి బరువు చాలలేదని మనవి."

తనని ఉద్యోగంలోంచి తీసేస్తారనే అనుకున్నాడు. అందుకు సిద్ధపడి హెలెన్‌తో చెప్పాడు కూడా. ఆవిడ సరేనంది. పది రోజుల తర్వాత జవాబు వచ్చింది. చేపల మార్కెట్టు ఆడవాళ్లు గదిలో కూర్చుని ఉండగానే ఆయన కవరు చింపి పైకి చదివాడు.

"తమ సంజాయిషీ సంతృప్తికరముగా ఉన్నది. భవిష్యత్తులో ఇటువంటి సంఘటనలు పునరావృతము కాకుండా తగినంత బరువు గల బండరాయి కొనుగోలుకు కమిటీ అనుమతించడమైనది. తాము వెంటనే మూడు క్వారీల నుండి కొటేషన్లు తెప్పించి పంపవలెను."

శాంతవర్ధన్ కాగితం మడిచి భార్య వైపు చూశాడు. "ఏం చెయ్యమంటావు హెలెన్?"

హెలెన్ టీ గ్లాసులు అందరికీ అందిస్తోంది.

"తెప్పించండి" అంది. "పెద్దదే తెప్పించండి. అది దొర్లినప్పుడు చప్పుడు ఆఫీసు దాకా వినపడాలి."